వంకాయ మాత్రం మీ నాన్నగారికే

గోదావరిఖని,
పరాభవ నామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి.

చిరంజీవి సౌభాగ్యవతి సుప్రజకు అమ్మ శుభాశీస్సులు.

వచ్చే దశమి నాడు మన ఇంట నీకు సీమంతం. గర్భిణి పాపిట తీర్చి, కడుపులోని ప్రాణికి మంచి మాటలు వినిపించి, తల్లి మనసు కోరినది తృప్తిగా తినిపించడమే ఈ సంస్కారానికి అర్థమని పెద్దలు చెప్పారు. గాజులూ పూలూ పేరంటమూ ఆ తరువాతివే.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ నాన్నగారి రక్తపోటు అదుపులో ఉంది. ఆయన వంటగదిలో లేని వేళల్లో నాదీ అదుపులోనే ఉంటోంది. నీ కాళ్ళ వాపు తగ్గిందనీ, రవికాంత్ రోజూ నిన్ను నడిపిస్తున్నాడనీ చదివి స్థిమితపడ్డాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను మోగితే చాలు, మీ నాన్నగారు స్పీకరు పెట్టమంటారు. ఇదంతా నీకు రాశానని ఆయన చెవిన పడకూడదు.

‘నాన్న వంట సంగతి నిజమేనా? సీమంతానికి వంటవాణ్ణి మాట్లాడారా?’ అని అడిగావు. మొదటిది నిజమే. గని రక్షణాధికారిగా పదవీ విరమణ చేసిన మనిషి ఇంట్లో ఊరకే కూర్చోలేక గరిటె పట్టారు. పుచ్చకాయ తొక్కతో సాంబారు, చామదుంపలతో కేకు, కాకరకాయతో పాయసం అయ్యాయి. ప్రతిదానికీ ముందు ఒక సిద్ధాంతం ఉంటుంది, తరువాత మజ్జిగ ఉంటుంది. కుక్కరు మూత తీసే ముందు, గనిలో మందుగుండు పేల్చేటప్పటిలా ఈల ఊది, “అందరూ తప్పుకోండి!” అని కేక వేస్తారు. పక్క క్వార్టరులో ఉండే గట్టయ్య బొగ్గు తవ్వి రిటైరయినవాడు కదా, మొన్న అన్నం పళ్ళెంతో సహా లేచిపోయి గోడ చాటున నక్కాడు.

“ఏంది సార్ గిది!” అన్నాడు తరువాత, గుండె పట్టుకుని. “బొగ్గుబాయిల ఉన్నన్ని దినాలు గా ఈలకు ఉరికినోణ్ణి. ఇప్పుడు గది ఇంటే కాళ్ళు ఆగుతయా?”

“మంచి అలవాటయ్యా, మానకు,” అన్నారు మీ నాన్నగారు మెచ్చుకోలుగా.

ఇంతవరకూ నవ్వుకున్నావు కదా. సీమంతం వంట సమస్తమూ తానే చేస్తానని ఆయన పట్టుబట్టారు. మీ అత్తగారు వస్తారు, వియ్యాలవారి బంధువులు వస్తారు. ఆ విస్తళ్ళలో కాకరకాయ పాయసం పడితే నీ ముఖం ఏమవుతుందో తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. వద్దని అనడానికేమో నాకు నోరు లేదు. ఎందుకు లేదో చెబుతాను. ఇది చదివి మీ ఆయనకు కూడా చెప్పకు.

ఆయన తొలిసారి వండిన సాంబారుకు నేను ఆశువుగా పద్యం చెప్పాను. అమృతంతో పోల్చాను. మనిషి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడడానికి రోజుకొక పద్యం, పద్యానికొక అబద్ధం చెబుతూ వచ్చాను. ఛందస్సు తప్పలేదు, సత్యమే తప్పింది. ఆ పాపం ఆకలి రూపంలో అనుభవించాను. పురాణం చెప్పే నెపంతో మధ్యాహ్నాలు గట్టయ్య భార్య ఐలవ్వ ఇంటికి వెళ్ళి, అంగడిలో పొట్లాలుగా అమ్మే నూడుల్స్ తినడం మొదలుపెట్టాను. మడి కట్టుకుని పెరిగిన నేనే, తల్లీ! ఆ మసాలా వాసనకు నాకు శ్లోకాలు కూడా గుర్తుండవు.

“అమ్మగారూ, పురాణం రేపు జెప్తురు గని, ముందు గిది తినుండ్రి. సల్లారితె ముద్దయితది,” అంటుంది ఐలవ్వ. ఆమె భక్తురాలు, నేను విధేయురాలిని.

గురువారం నాడు గట్టయ్యకు రుచి చూపిద్దామని మీ నాన్నగారు కొత్త కూర గిన్నెతో అక్కడికే వచ్చారు. అప్పుడు నా నోటి నుండి పళ్ళెం దాకా ఒక నూడుల్ వేలాడుతోంది. కొరకలేను, మింగలేను, మాట్లాడలేను.

“సార్, అమ్మగారు నాకోసమే ఉప్పు సూస్తున్నరు!” అంది ఐలవ్వ.

“సరిపోయిందా?” అని అడిగి, గిన్నె అక్కడే పెట్టి ఆయన వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆయన పొయ్యి వెలిగించలేదు. మరునాడు పొద్దున్నే మంచిర్యాల వంటవాడికి ఫోను చేసి, సీమంతం వంట మొత్తం అతనికే అప్పగించేశారు. నేను కోరుకున్నది అదే. కానీ వంటింట్లో ఆ నిశ్శబ్దం నన్ను కాకరకాయ కన్నా చేదుగా పట్టుకుంది.

“కోపమా?” అన్నాను.

“కోపం దేనికి? ప్రమాదం జరిగితే విచారణ జరగాలి,” అని ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. “ఒక్కొక్క వంటా చెప్పు. పద్యం వద్దు, వచనంలో చెప్పు.”

చెప్పాను. సాంబారు పశువులకు పెట్టాననీ, కేకు ఇప్పటికీ తలుపుకు అడ్డంగా ఉందనీ చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నారు. చివరికి, “ఒక్కటైనా బాగుందా, నాగరత్నం?” అన్నారు.

“వంకాయ మెంతికారం బాగుంది. నిజంగా బాగుంది. రెండోసారి వడ్డించుకున్నాను, మీరు చూడలేదు.”

“దానికి పద్యం చెప్పలేదే?”

“తింటూ ఉన్నాను.”

ఆయన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. తరువాత, “నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నాకు అన్నీ నైటు షిఫ్టులే. నీకేం తినాలని ఉందో అడిగిన గుర్తు లేదు. పిల్లకైనా నా చేత్తో వండి పెడదామనుకున్నాను,” అన్నారు. వంటవాడికి నేనే మళ్ళీ ఫోను చేశాను. అన్నీ అతనివే, వంకాయ మాత్రం మీ నాన్నగారికే అని చెప్పాను. ఆయన అప్పుడే సంచీ తీసుకుని లేత వంకాయలకు బయలుదేరారు. ఇంకా ఐదు రోజులున్నాయని చెప్పినా వినలేదు, నమూనాకట!

అందుచేత నిర్భయంగా రా. ఆ కూర తిని నీకేమనిపిస్తే అదే ఆయన ముఖం మీద చెప్పు. నేర్చుకుంటున్న మనిషికి నిజం కావాలి. నీ లోపల పెరుగుతున్న పసివాడికో పసిదానికో నా ఆశీర్వచనం ఇది, చేయి కడుపు మీద పెట్టుకుని పైకి చదువు:

కూర మాడెనేని కోపింపకుండుము
పొట్లమైన విప్పి పొట్ట నింపు
తాత వండెనేని దండము పెట్టుచు
తినుము, చెంబునీళ్ళు తెచ్చి యుంచి.

నూరేళ్ళు ఆకలి వేయాలి, ఆ నూరేళ్ళూ ఎవరో ఒకరు ప్రేమగా వండి పెట్టాలి, తల్లీబిడ్డలు చల్లగా ఉండాలి.

ఇట్లు,
దశమి కోసం ఎదురుచూస్తున్న మీ అమ్మ,
నాగరత్నం.