వెనక గుమ్మం దగ్గర పేర్లు

విజయనగరం,
జూలై 8.

చిట్టితల్లి రాగసుధకి,

ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వుకోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. స్పీకరు పెడితే గాని నాకు వినపడదు, స్పీకరు పెడితే ఇల్లంతా వింటుంది. ఇది మీ నాయనమ్మ వినకూడని సంగతి.

నిన్న ఆదివారం కదా, మీ అమ్మా నేనూ కంటోన్మెంటు వైపు తెల్లవాళ్ల పాత సమాధులకి వెళ్లాం. గోడ పక్క తుప్పల్లో ఇన్నాళ్లూ మన కంటపడని రాయి ఒకటి దొరికింది. మీ అమ్మ తన డబ్బా తీసి, అరిగిపోయిన అక్షరాల మీద ముగ్గుపిండి రాసి అరచేత్తో తుడిచింది. గాళ్లలో పిండి నిలిచి పేరు కనపడింది. మార్గరెట్ అట, ఇరవై మూడేళ్లు, పురిట్లో పోయింది. మీ అమ్మ కాసేపు అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత గేటు బయట నీడలో మామూలుగా పులిహోర తిని వచ్చేశాం.

ఇంటి దగ్గర నాయనమ్మ ఎప్పటిలాగే పెరట్లో గంగాళం నింపుకుని కాపలా కాస్తోంది. "ఎవులెవుల్ని ఎంటబెట్టుకొచ్చేరు? పేర్లు సెప్పండి" అంది. ఒక్కో పేరు చెప్పడం, ఒక్కో చెంబు నెత్తిన పోయించుకోవడం, "నీ సోటికి నువ్వెల్లమ్మా" అని ఆవిడ ఆ పేరుగలవాళ్లని సాగనంపడం పదిహేనేళ్లుగా ఉన్నదే. నిన్న మాత్రం నీళ్లు మోస్తూ కాలు జారి పడింది. ఎముక విరగలేదు గాని మణికట్టు బెణికింది.

మన సరదా కోసం ఎనభై రెండేళ్ల మనిషి బకెట్లు మోస్తోందని తలుచుకుంటే సిగ్గేసింది. అందుకే సమాధుల తిరుగుడు ఇక ఆపేస్తున్నాం. వాదించకు.

నీ నాన్న,
జగన్నాధం

ఎచ్చెర్ల,
జూలై 15.

ప్రియమైన నాన్నకి,

వాదించను. నాయనమ్మ చెయ్యి కన్నా మనకి ఆదివారాలు ఎక్కువా? కానీ ఉత్తరం చదివి హాస్టలు మేడ మీదకెళ్లి ఏడ్చాను, అదీ చెప్పేస్తున్నాను. నా స్నేహితులకి సినిమాలూ షికార్లూ ఉంటే మనకి రాళ్లూ ముగ్గుపిండీ ఉండేవి. ఏడేళ్లప్పుడు పెరట్లో చలికి వణుకుతూ పేర్లన్నీ తప్పుల్లేకుండా అప్పజెప్పేదాన్ని. నాకు ఇంగ్లీషు చదవడం అలాగే వచ్చింది.

నీ ఉత్తరం అందడానికి ముందు రోజే నా రూమ్మేటు అరుణశ్రీని తోడు తీసుకుని శ్రీకాకుళంలో ఒక చోటుకి వెళ్లొచ్చాను. మనం నాలుగుసార్లు చూసిన పెద్ద సమాధుల తోట కాదు. దాని వెనక సందులో చిన్న గేటుతో ఇంకో చిన్న సమాధుల తోట ఉంది, దాలయ్య అనే ఆయన కాపలా. నిన్ను తీసుకెళ్దామనుకున్నాను. హాస్టలుకొచ్చి స్నానం చేశాను గాని, పేర్లు అడిగేవాళ్లు లేక వెలితిగా అనిపించింది. అందుకని ఏడు పేర్లూ విడి కాగితం మీద రాసి, దారి గీసి దీంతో పెడుతున్నాను. దాచుకో.

నీ,
రాగసుధ

విజయనగరం,
ఆగస్టు 5.

బంగారుతల్లికి,

నాయనమ్మ చెయ్యి నయమైంది. మనిషే నయం కాలేదు.

మానేశామంటే సంతోషిస్తుందనుకున్నాను. కట్టు విప్పిన మొదటి ఆదివారమే మళ్లీ గంగాళం నింపి గుమ్మంలో కూర్చుంది. "ఇక ఎక్కడికీ వెళ్లం, నీకు ఆ బాధ లేదమ్మా" అన్నాను. "ఓహో" అని నీళ్లన్నీ మందార మొక్కకి పోసేసింది. తర్వాతి ఆదివారమూ అంతే. మందార కుళ్లిపోయేలా ఉంది. అన్నం సగంలో లేచిపోతోంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. నాకు భయంగా ఉంది.

నువ్వు పంపిన పేర్ల కాగితం ఆవిడ కంటపడకుండా బీరువాలో పెట్టేశాను. చూస్తే మళ్లీ మొదలెట్టామని బాధపడుతుంది.

నీ నాన్న,
జగన్నాధం

ఎచ్చెర్ల,
ఆగస్టు 12.

నాన్నా,

కోప్పడకుండా ఒకటి ఆలోచించు. నాయనమ్మ ఈ పదిహేనేళ్లలో ఒక్కసారైనా వెళ్లొద్దని అందా? నాకైతే గుర్తులేదు. "సిక్కోలు మళ్లీ ఎప్పుడెల్తారు?" అని శ్రీకాకుళం గురించే అడగడం గుర్తుంది. పేర్లన్నీ చెప్పేశాక "ఇంతేనా? ఇంకెవులూ లేరా?" అనేది. నేను చిన్నదాన్ని, పేర్లు తక్కువయ్యాయని తిడుతోంది అనుకునేదాన్ని.

ఆవిడ మనల్ని శుద్ధి చేస్తోందనుకున్నాం. ఏదో పేరు కోసం వింటోందేమో.

బీరువా తెరువు. ఆ కాగితం పైకి చదివి వినిపించు. నాకు బుధవారం నుంచి పరీక్షలు, ఫోను చెయ్యొద్దు. ఏం జరిగిందో రాయి.

నీ,
రాగసుధ

విజయనగరం,
ఆగస్టు 25.

నాన్నకంటే తెలివైన నా తల్లికి,

చదివాను. ఆరు పేర్లు తెల్లవాళ్లవి. నాయనమ్మ బియ్యంలో రాళ్లేరుతూ వింటోంది. ఏడోది "ఎస్తేరమ్మ, కాంపౌండరు ఏసుదాసు కుమార్తె, పదకొండేళ్లు" అన్నాను. చేట పక్కన పెట్టేసింది. "మళ్లీ సదువు" అంది. చదివాను. మళ్లీ చదవమంది.

శ్రీకాకుళంలో వాళ్ల పక్కింటి పిల్లట. గుడిలో పాడే ఇల్లు కదా, మీ నాయనమ్మకి పాటలు నేర్పారు గాని బడికి పంపలేదు. ఎస్తేరు బడి నుంచి వచ్చి, మెట్టు మీద బలపంతో రాసి చూపించేది. మీ నాయనమ్మ ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యదు, చక్కగా "జగదాంబ" అని సంతకం పెడుతుంది. మీ తాతయ్య నేర్పి ఉంటాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. నేర్పింది ఆ పిల్ల.

ఆ ఏడు వానల్లో ఎస్తేరుకి జ్వరం వచ్చింది. ఆఖరి చూపుకి పంపలేదు సరికదా, మేనమామ ఇంటికెళ్లిందని చెప్పారట. నిజం తెలిసేసరికి ఈవిడకి పెళ్లి కూడా అయిపోయింది. ఎక్కడ పెట్టారో చెప్పినవాళ్లు లేరు.

"నన్నడిగితే వెతికేవాణ్ణి కదమ్మా" అన్నాను.

"ఏటని అడగనురా? గుడి వోరి కోడల్ని, సమాదులకాడికి తీసుకెల్లమని అడగనా? మీరే ఎల్తన్నారు కదా, ఏనాటికైనా తగలదా అనుకున్నాను."

మేలు చేస్తున్నాననుకుని ఆ ముసల్దాని ఒక్క ఆశనీ తుంచేశాను. పైగా ఆ పేరుని నెల రోజులు బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆదివారం దాకా ఆగనంది. నువ్వు పరీక్ష హాల్లో ఉన్న శుక్రవారం నాడే బస్సెక్కాం. నువ్వు గీసిన దారి సరిగ్గా ఉంది. దాలయ్య గేటు తీస్తూ, "అందరూ తెల్లోల కాడికొస్తారు బాబూ. ఈ పిల్లకాడికి ఎవులూ రానేదు" అన్నాడు. మీ అమ్మ ముగ్గుపిండి తీస్తే నాయనమ్మ ఆ డబ్బా లాక్కుంది. రాతి పక్కన చతికిలబడి, ఒక్కో తెలుగు అక్షరం వేలితో దిద్దింది, మెట్టు మీద నేర్చుకున్నట్టే. పూర్తయ్యాక తనే పైకి చదివింది. ఏడవలేదు. "నీ రాత కన్నా నా రాతే బాగున్నాదే" అంది ఆ రాయితో. మీ అమ్మా నేనూ ఏడ్చాం.

వచ్చే ఆదివారం నలుగురం కళింగపట్నం వెళ్తున్నాం. బట్టలు సర్దుకుని శనివారానికి వచ్చెయ్యి.

ఇంకొక్కటి. ఇంటికొచ్చాక ఈసారి గంగాళం నేను నింపాను. నాయనమ్మ గుమ్మం ముందు బుద్ధిగా నిలబడింది. "ఎవరిని వెంటబెట్టుకొచ్చావమ్మా? పేరు చెప్పు" అన్నాను.

"ఎస్తేరు" అంది.

ఒక చెంబు పోసి, "నీ చోటికి నువ్వు" అనబోతుంటే తడిచేత్తో నా నోరు మూసింది.

"దీన్ని పంపించకురా. లోపలికి రానీ."

నేను చెంబు దించి పక్కకి తప్పుకున్నాను. మీ నాయనమ్మ కూడా ఒక అడుగు పక్కకి జరిగి, ముందు ఆ పిల్లని పోనిచ్చి, వెనక తను ఇంట్లోకి వెళ్లింది.

నీ నాన్న,
జగన్నాధం