సరిహద్దు దాటని సూది

వెర్బా, ఆల్బెర్టా

చిరంజీవి డార్కాకు పిన్ని దీవెనలు.

సరిహద్దు దాటి పక్క ప్రావిన్సు ఆసుపత్రిలో నర్సుగా చేరావు, సంతోషం. కానీ అక్కడ నీ చేత సెలైన్ సూది పెట్టించరా? ఇక్కడ ఊరందరికీ నువ్వేగా పెట్టావు! ఏం చేశావే? ఎవరి ప్రాణం మీదికైనా తెచ్చావా? చర్చి హాల్లో పైరోహీ కజ్జికాయలు ఒత్తే ఆడవాళ్ళంతా నీ లైసెన్సు ఊడిందనే అంటున్నారు. నిజం చెప్పు.

మీ పిన్ని స్టెఫానియా

తా.క.: చేతులు వణుకుతున్నాయా? మీ బాబాయిదీ జబ్బే అనుకున్నాం, కొట్టంలో సీసాలు దొరికేదాకా.

---

పిన్నికి నమస్కారాలు.

నేనేం చేయలేదు. నాలాంటి చిన్న కోర్సు చదివిన ప్రాక్టికల్ నర్సు ఏ పని చేయొచ్చో ఒక్కో ప్రావిన్సులో ఒక్కో రూలు. అక్కడ సూది పెట్టొచ్చు. ఇక్కడ పెద్ద నర్సే పెట్టాలి, నేను పక్కన నిలబడి టేపు చింపి ఇవ్వాలి. ఒళ్ళు మండిపోతుంది. అయినా రూలు రూలే.

నీ డార్కా

తా.క.: ఈ సంగతి పైరోహీల దగ్గర ఎత్తకు.

---

డార్కాకు పిన్ని రాయునది.

సరిహద్దు దాటగానే మనుషుల నరాలు మారిపోతాయా? ఎవరి చెవిలో పువ్వు పెడతావే? ఏ తప్పు చేసినా క్షమించమని మీ హెడ్ నర్సుకు నేనే రాశాను.

నీ మేలు కోరే పిన్ని

తా.క.: "దాని చెయ్యి ఊరుకోదు, మీరు చూడనప్పుడు ఈపాటికి ఎంతమందికి పెట్టేసిందో" అని కూడా రాశాను. నీ పనితనం తెలియాలిగా!

---

పిన్నీ,

కొంప ముంచావు. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఇక్కడ నేను సూది పెట్టానని తేలితే ఉద్యోగమే కాదు, లైసెన్సూ పోతుంది. ఏడుపొస్తోంది.

డార్కా

తా.క.: వార్డులో ముసలాళ్ళందరి చొక్కా చేతులూ మడిచి, ఏ సూదిపోటు ఎవరు పొడిచారని అడుగుతున్నారట.

---

నా తల్లీ డార్కా,

మన ఊరి ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. కాలికి చీము పట్టింది. ఓ కొత్త పిల్ల సూది పట్టుకొచ్చింది. ఎవరివంటే "ప్రాక్టికల్ నర్సుని" అంది. నీకొచ్చిన ముప్పు గుర్తొచ్చి చెయ్యి దుప్పట్లో దాచేశాను. "ముట్టుకోకు! మా డార్కాలా ఇంట్లో కూర్చుంటావు!" అని అరిచాను. పెద్ద నర్సు పరిగెత్తుకొచ్చి, "ఇక్కడ పెట్టొచ్చమ్మా, సరిహద్దు అవతలే కూడదు" అంది. నువ్వు చెప్పింది నిజమే! సిగ్గేసింది.

అప్పటికప్పుడే మీ హెడ్ నర్సుకు ఫోను చేయించి, నేను రాసిందంతా నా ఊహేనని ఒప్పుకున్నాను. సూదిపోట్ల విచారణలోనూ ఏమీ తేలలేదట. ఆవిడ నన్ను కడిగేసి, సోమవారం నిన్ను డ్యూటీకి రమ్మంది.

నీ పిచ్చి పిన్ని

తా.క.: ఈ సూది పిల్లది నువ్విప్పుడున్న ఊరే. ఇక్కడ సూదులు దొంగచాటుగా పెడుతోందని వాళ్ళమ్మకు అనుమానమట. పాపం, ఇక్కడ పెట్టొచ్చని వాళ్ళమ్మకు ఓ ముక్క రాయమంది. వాళ్ళమ్మతో ఏం లాభం? నేరుగా లైసెన్సుల ఆఫీసుకే రాసి పడేశాను.