మనసున్న డాక్టర్

ఆసుపత్రి, రెండో అంతస్తు
మార్చి 11, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నేను కులాసా. అమ్మ ఆపరేషన్ నిన్న అయిపోయింది. కడుపులో గడ్డ తీసేశారు, మెలకువ వచ్చింది, నీ గురించి అడిగిందట. ఇది ముందే చెబితే మిగతా ఉత్తరం నిమ్మళంగా చదువుతావు.

నీ కొత్త నవల చదివాను. అందులో హంతకుడు సర్జన్. చెయ్యి వణకదు, మనుషుల పేర్లు గుర్తుండవు, బల్ల మీద మనిషి పోయిన గంటకే కడుపునిండా భోంచేస్తాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నానని అనుకోకు. నాన్న పోయిన రోజు నేను మారు వడ్డించుకోవడం కూడా వదలకుండా రాశావు.

కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. ఒక తప్పు మాత్రం చెప్పాలి. నీ హంతకుడు చేతులు కడుక్కుని, గొళ్ళెం తీసి ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్తాడు. మేం సర్జన్లం కడిగిన చేతులు పైకెత్తి పట్టుకుని, తలుపుని వీపుతో తోస్తాం. అంత తెలివైనవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

రాతిగుండె మా ఒక్కళ్ళ సొత్తు కూడా కాదు. పోయినసారి అమ్మ భయంగా ఉందంటే, నువ్వు చెయ్యి పట్టుకుని, ఆ భయం ఎక్కడ మొదలవుతుంది, గొంతులోనా కడుపులోనా అని అడిగావు. తర్వాత వరండాలోకి వెళ్ళి నోట్‌బుక్‌లో రాసుకున్నావు. కిటికీలోంచి చూశాను, అమ్మతో చెప్పలేదు. మనిద్దరం ఒకే తాను ముక్కలంరా.

అమ్మని నా చేతికి ఇవ్వద్దని, మనసున్న డాక్టర్‌కి అప్పగించమని పోయిన ఉత్తరంలో రాశావు. నువ్వు అడక్కపోయినా అంతే చేసేదాన్ని. సొంతవాళ్ళ మీద కత్తి పెట్టకూడదని మా డాక్టర్ల కట్టుబాటు. రోగి ఏడిస్తే తనూ కళ్ళు తుడుచుకునే మా చిన్న డాక్టర్‌కే ఇచ్చాను. మీరు నాకూ అమ్మలాంటివారే అన్నాడతను. అమ్మ మురిసిపోయింది. నేను పక్కన నిలబడ్డాను, అంతే.

ఆదివారంలోగా రా. దుప్పటి తెచ్చుకో, ఇక్కడివి పలచన.

నీ అక్క

తా.క. పక్కన నిలబడ్డానంతే అని రాసింది అబద్ధం. మధ్యలో రక్తనాళం తెగింది. చిన్న డాక్టర్ చేతులు ఆగిపోయాయి. "నా వల్ల కావట్లేదు మేడమ్, ఈవిడ మీ అమ్మగారు" అన్నాడు. అతన్ని జరగమని మిగతా నలభై నిమిషాలూ నేనే చేశాను. అంతసేపూ ఆవిడ నాకు ఎవరూ కాదు. అందుకే బతికింది.

పొద్దున అమ్మ అతన్ని తల నిమిరి దీవించిందట. నిజం చెప్పద్దని అతనితో నేనే అన్నాను. కుట్లు చూడడానికి రెండుసార్లు గదికి వెళ్ళాను. రెండుసార్లూ కుట్లే చూసి వచ్చేశాను. ఆవిడ మొహంలోకి ఎలా చూడాలో తెలియడం లేదు. నువ్వొచ్చి పక్కన ఉంటే చూస్తాను.