నా మొదటి బిలియర్డ్సు కర్ర

1946 జూలై, గురువారం. నరసరావుపేట.

క్లబ్బులో బిలియర్డ్సు ఆడే కర్ర ఒకటి సొంతంగా చేసి, పని నేర్పే సుభాన్ మామ ముందు పెట్టాను ఇవాళ. ఆయన సరేనంటే మాచర్లలో కొట్టు పెట్టుకోవాలని నా ఆశ. మామ దాన్ని బల్ల మీద దొర్లించాడు. నడుమ లేస్తూ పడుతూ పోయింది. చేసిన రోజు బాణంలా ఉండెనే!

"ఒక్క రోజులో చెక్కేశావా?" అన్నాడు.

వడ్రంగం చేసే మా ఇంట్లో నాగలి పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి రైతు భుజాన ఉండేది. ఈ కర్రను కాస్త చిత్రిక పట్టి, వేలాడదీసి, వంగడం మానేదాకా ఆగి, మళ్ళీ పట్టాలి. మామ ముందే చెప్పాడు. నేనే ఆగలేదు.

"నాగలి అటూ ఇటయితే ఎద్దులు సర్దుకుంటయ్యి. బంతి సర్దుకోదురా యోహానూ."

తిడితే బాగుండేది. మధ్యాహ్నం భోజనానికి తనింటికి తీసుకెళ్ళి, పెరట్లో అత్త చీరలారేసిన దండెం చూపించాడు. అది ఆయన చేసిన మొదటి కర్రట!

"నీదీ ఇటియ్యి. మీ అత్తకు ఒకటి చాలట్లేదు."

మాచర్ల కొట్టు ఎప్పుడని రాత్రి మా ఇంట్లో నా భార్య మరియమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. జరిగింది చెప్పాను.

"ఈసారి పాడైతే మనింటికి తీసుకురా. మనకు మాత్రం దండెం ఏడుందీ?" అంది.

పాడైతే కదా, అన్నాను. గొంతు మాత్రం అంత గట్టిగా రాలేదు...