అన్నయ్య తాగేసిన నది

చిప్పెవా నది ఎగువన, కలప శిబిరం
1889 ఫిబ్రవరి 17, ఆదివారం

ప్రియమైన లొవైనా వదినకు,

ఇక్కడ మంచు నడుం లోతుంది. నేను బాగానే ఉన్నాను. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి.

అన్నయ్య ఇప్పుడెంత ఎత్తున్నాడో తెలుసా? పోయిన ఏప్రిల్‌లో చనిపోయేనాటికి నాకంటే రెండంగుళాలు పొట్టి. ఈ చలికాలం మొదలయ్యేసరికి పైన్ చెట్టంత అయ్యాడు. క్రిస్మస్‌కి ఒక్క తుమ్ము తుమ్మితే మంచు తుఫాను వెనక్కి తిరిగి కెనడా వెళ్ళిపోయిందట. ఆదివారాలు మేం పొయ్యి మీద బట్టలు ఉడకబెట్టుకుంటూ కూర్చుంటే మా మేస్త్రీ సిప్రియన్ ఈ కథలు చెబుతాడు. చెప్పేవాడు నవ్వకూడదు, వినేవాడు అబద్ధమనకూడదు. అన్నవాడు వారం రోజులు శిబిరం మొత్తానికీ నీళ్ళు మోయాలి. అందుకని ఎవరూ అనరు.

ఇవాళ అన్నయ్య చావు కథ వచ్చింది.

"దుంగలన్నీ ఏటి వంపులో కొండలా ఇరుక్కుపోయినయ్. మన గిడియన్ వచ్చి చూశాడు. 'గొడ్డలెందుకురా, నాకెలాగూ దాహంగా ఉంది' అని బోర్లా పడుకుని నది నదంతా తాగేశాడు. దుంగలు అడుక్కి దిగి విడిపోయినయ్. కడుపులో అంత నీళ్ళుంటే మనిషి లేస్తాడా? పాపం, లేవలేదు" అన్నాడు సిప్రియన్.

"మరి చేపలో?" అని ఎవరో అడిగారు.

"అవీ మింగాడు. శుక్రవారం కదా, మాంసం తినకూడదు, చేపలైతే తప్పులేదు."

"అబద్ధం" అన్నాను నేను.

వదినా, అప్పట్లో నీకు నేను రాసిందీ అబద్ధమే. అన్నయ్య తనంతట తానే ముందుకొచ్చాడని రాశాను. ఆ రోజు వంతు నాది. అడుగున బిగుసుకున్న ఒక్క దుంగను కదిపి, మిగతావి విరుచుకుపడేలోగా ఒడ్డుకి పరుగెత్తాలి. మేస్త్రీ నా పేరే పిలిచాడు. బూట్ల మేకులు అరిగిపోయాయి, దుంగల మీద జారతాను అన్నాను. అన్నయ్య నా బూట్ల వంక చూడనైనా చూడలేదు. "కూర్చోరా, నేనెళ్ళొస్తా" అన్నాడు. నా మేకులు కొత్తవి, వారం క్రితమే కొట్టించాను. అరిగినవి అన్నయ్యవి.

ఇదంతా అందరి ముందూ చెప్పేశాను. సిప్రియన్ పైపు నోట్లోంచి తీశాడు.

"నదిలో పోయినోడి బూట్లు ఒడ్డున చెట్టుకి కొట్టేది మేస్త్రీయే కదరా. గిడియన్‌వి కొట్టింది నేనే. మేకులు నా చేతికి తగల్లేదనుకున్నావా? నీ బూట్లూ చూశాం, అందరం చూశాం. అందుకే వాణ్ణి ఇంత పొడుగు చేశాం. వాడి వెనకాల నువ్వు కనబడకూడదని. సరే, రూలు రూలే. బకెట్లు ఎత్తుకో."

మోస్తున్నాను. ఇన్నాళ్ళూ నీ ముందు దాచినందుకు సిగ్గుగా ఉంది. మంచు కరిగాక ఇంటికి రావాలో వద్దో నువ్వే చెప్పు. వద్దంటే రాను.

ఆరిన్

*

నది దిగువన, ఇల్లు
మార్చి 9

ఆరిన్‌కి,

ఉత్తరం అందింది. రెండు రోజులు నీ మీద ఉడికిపోయాను. ఎదురుగా ఉంటే రొట్టెల కర్రతో నాలుగు వేసేదాన్ని. కోపం ఇంకా పోలేదు. పోయిందని రాస్తే నేనూ మీ సిప్రియన్ పక్కన కూర్చోవలసిందే. కొత్త మేకులు కొట్టించుకోమని మీ అన్నయ్యకి నేనూ రాశాను. ఆయన ఎవరి మాట విన్నాడు గనక!

మీ కథలు ఇక్కడిదాకా వచ్చాయి. బుధవారం మా ఇంట్లో ఆడవాళ్ళం బొంత కుట్టుకుంటుంటే పొరుగింటి హెప్సిబా నన్నే అడిగింది.

"ఏమ్మా లొవైనా, మీ ఆయన నది మొత్తం తాగేశాడటగా?"

అందరూ సూదులు ఆపేసి నా మొహం చూశారు. నవ్వకూడదని మీ రూలు కదా, నవ్వలేదు. దారం ఎక్కించుకుంటూ చెప్పాను.

"మొత్తం ఎక్కడ తాగాడు? తమ్ముడు పడవలో ఇంటికి రావాలిగా. ఆ మేరకు ఉంచాడు."

నీ వదిన,
లొవైనా