కదిర ఒక్కతే వచ్చింది

కండీ దారి, కనుమ సుంకం గేటు
1871 జులై 14, సాయంత్రం

ఎంగోనోనా,

నువ్వూ, కడుపులో బిడ్డా కులాసా అని తలుస్తాను. నా సంగతే బాగాలేదు. అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు.

పోయిన నెల జరిగింది నీకు రాయలేదు, బెంగపడతావని. రోడ్ల శాఖ వాళ్ళ ఏనుగు కదిరని గేటు దగ్గర ఆపి సుంకం చీటీ అడిగాను. సుంకం కట్టకుండా ఒక్క కాలు కూడా దాటకూడదనే కదా, ఈ గేటు వేలంలో పాడుకున్న ముదలాలి నన్నిక్కడ పెట్టాడు. కొందరు దుంగలు మోసే తమ సొంత ఏనుగుల్ని కూడా సర్కారువని చెప్పి దాటించేస్తున్నారు మరి. ఓవర్సీరు ఫిర్యాదు పెట్టాడు. కచేరీలో దొర ముందు నిలబెట్టారు. "రాణీగారి ఏనుగునే ఆపే మొనగాడివా? గేటు మీద పలక నువ్వు చదవలేదా? సర్కారు సొత్తుకి సుంకం లేదు, దాన్ని ఆపకూడదు. ఇంకోసారి ఆపావో, జైల్లో రాళ్ళు కొడతావు" అన్నాడు.

ఆనాటి నుంచి కదిర మలుపు తిరిగితే చాలు, గేటు అడ్డకర్ర లేపేసి పక్కకి నిలబడుతున్నాను. మావటి హోరతలా పైనుంచి నవ్వేవాడు. "ఇంటికెళ్తే మా ఆవిడ నాకు తలుపు కూడా ఇంత తొందరగా తియ్యదు తమ్ముడూ" అనేవాడు.

ఇవాళ మూడు గంటలకి కదిర ఒక్కతే వచ్చింది. మీద హోరతలా లేడు. కాలి గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి కర్రకి జానెడు దూరంలో ఆగింది. గేటు దిగువన సంత. వదిలితే ఎవర్ని తొక్కుతుందో. ఆపితే నాకు జైలు. గుడిసెలో దూరి తలుపు సందులోంచి చూశాను. నుదుటితో కర్రని నొక్కింది, అది కిర్రుమంది. నేను లోపలినుంచే కర్ర తాడు లాగాను. కర్ర లేచింది, కదిర వెళ్ళిపోయింది.

అప్పటినుంచి దిగువనుంచి కేకలు వస్తాయేమోనని చెవులు అటే పెట్టుకుని కూచున్నాను. ఎవరి అడుగు చప్పుడైనా పోలీసే అనిపిస్తోంది. విహారంలో బుద్ధుడి ముందు నా పేర దీపం పెట్టించు.

నీ సియదోరిస్


కనుమ గేటు
జులై 19

ఎంగోనోనా,

కదిర ఎవర్నీ తొక్కలేదు. సంత మధ్యలోంచి నడిచివెళ్ళి తన కొట్టం ముందు నిలబడిందట. నిన్న ఓవర్సీరు వచ్చి, "ఈసారి బుద్ధిగా వదిలావు" అని భుజం తట్టాడు. నా గురించి మంచిగా రాసుకుపోయాడు. నువ్వు మాత్రం సంతోషించకు. పోయిన ఉత్తరంలో నీ దగ్గర ఒకటి దాచాను.

ఆ రోజు కదిర మెడతాడుకి హోరతలా వక్కల సంచి వేలాడుతూ కనిపించింది. నోట్లో తమలపాకు లేకుండా పది అడుగులు వెయ్యని మనిషి అతను. దిగితే ఆ సంచి నడుమున దోపుకునే దిగుతాడు. అది చూడగానే నాకు తెలిసిపోయింది, పైన ఎక్కడో పడిపోయాడని. పైకి పరుగెత్తి ఉండొచ్చు. సంతలో నలుగురికి చెప్పి ఉండొచ్చు. సర్కారు ఏనుగు జోలికి మళ్ళీ వెళ్ళావా అంటారని నోరు కుట్టుకున్నాను. ఏనుగు సంతలో పడుతుందన్న భయం ఒక్కటే నీకు రాశాను, అది చెప్పుకోదగ్గ భయం కాబట్టి.

మర్నాడు మధ్యాహ్నం కాఫీతోట కూలీలకి దొరికాడు. గేటుకి అరమైలు పైన, లోయ అంచున, తొడ విరిగి ఉన్నాడట. తెల్లారేదాకా కేకలు వేశాడట. విన్న కూలీలు ఎవడో తాగి అరుస్తున్నాడనుకున్నారు. వాళ్ళు వెళ్ళేసరికి ప్రాణం లేదు.

ఇవాళ అతని భార్య దింగిరి గేటుకి వచ్చింది. ఏడవలేదు. పలకమీద ఏం రాశారో చదవమంది. చదివాను.

"ఏనుగుని ఆపితే శిక్ష. సరే, అన్నా. మనిషేడీ అని అడిగితే శిక్ష అని కూడా రాశారా అందులో?"

"లేదమ్మా."

"ఇంకోసారి చూసి చెప్పు."

చూశాను. లేదన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

రేపు కచేరీకి వెళ్ళి ఆ సంచి సంగతి చెప్పేస్తాను. దింగిరి ఎదుటే చెప్పాలనుంది. ముదలాలి మళ్ళీ గడప తొక్కనివ్వడు, జైలే పడినా పడొచ్చు. ధైర్యం వచ్చిందని అనుకోకు, భయంగానే ఉంది. నీ కాన్పునాటికి నేను పక్కన లేకపోతే నన్ను క్షమించు. ఈ ఉత్తరం చింపకు. నాన్న ఏం చేశాడని బిడ్డ అడిగిననాడు, ఒక్క మాట దాచకుండా చదివి వినిపించు.

సియదోరిస్