నువ్వు మూసిన స్నాప్

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పద్మనగర్‌లో నేత సాంచాలకు ఒకరోజు నాగా పెట్టి, నీ గాలం తీసుకుని, నర్సయ్య కాకతో కిరాయి పడవలో సముద్రంలోకి వెళ్లాను. "నూలుకు పురి ఉండాలె, గాలం దారానికి ఉండొద్దు" అంటూ దారానికీ ఎరకూ నడుమ నువ్వు ఏరి కట్టిన తిరుగుడు కొక్కెం, ఆ స్వివెల్, ఇంకా సాఫీగా తిరుగుతోంది. పడవ వెనక నువ్వు తగిలించిన రేకు ఎర ఎంత గిరగిర తిరిగినా దారం మెలిపడలేదు.

మధ్యాహ్నమైనా ఒక్క సుర్మాయి చేప పడలేదు. "ఎర మార్చు బిడ్డా, స్నాప్ ఇప్పితె అయిపాయె," అన్నాడు కాక. ఎర మార్చడానికే కదా స్వివెల్ కొసన ఆ స్నాప్ క్లిప్పు! కానీ దాన్ని చివరిసారి మూసినవి నీ వేళ్లు. విప్పడానికి నాకు చేతులు రాలేదు. పోతే పోనీ చేప.

ఇంటికొచ్చి, నువ్వు నేర్పినట్టే గాలానికి అంటిన ఉప్పంతా మంచినీళ్లతో కడిగాను. తుడిచి, మూసింది మూసినట్టే దాచాను.